బాలుని చేవ్రాలు

మనుష్యుడు తాను కోరని బంధములనేకములలో పుట్టుచున్నాడు. తల్లిదండ్రులను గాని, మాటాడు భాషను గాని, పెరుగు నూరిని గాని యెవ్వడును ఏరి తెచ్చుకొనలేదు. ఇందులకై యెవ్వరిని నిందింపను పనిలేదు; లోకమర్యాద యట్టిది. అయితే పెద్దలు తనకై చేసిన యేర్పాటును బిడ్డ యొకనాడు తన చేతితో ధ్రువపరుపవలసి వచ్చును. అప్పుడు వాని చేయి కాగితముపై పడినంత మాత్రమున వాని మనస్సును పడినట్లేనా? ఈ ప్రశ్నను మేము గ్రంథములలో చదివియుంటిమి గాని, గత వేసవిలో నొక పదునాలుగేండ్ల బాలుడు మా యింటి యరుగుపై గూర్చుండి యడుగు వరకు దాని బరువు మాకు తెలియలేదు.

మేముండు సున్నిపెంట నల్లమల నడుమ, శ్రీశైలపు ఆనకట్టకు చేరువనున్న యూరు. కృష్ణకు అడ్డముగా గట్టిన యా యానకట్టకు 1963వ సంవత్సరము జూలై నెలలో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. నానాదిక్కుల నుండి వచ్చిన యింజనీర్లు, మేస్త్రీలు, కూలీలు ప్రాజెక్టు క్వార్టర్లలో కాపురముండి, పని ముగిసిన పిమ్మటను పలువురిచ్చటనే నిలిచిపోయిరి. మా తండ్రియు, మా చిన్ననాటి మిత్రుని తండ్రియు నట్లు వచ్చినవారే. ఆ మిత్రుడు మాతో గూడ నిచ్చటనే చదివి, కంప్యూటరు విద్య నేర్చి, అమెరికాలోని టెక్సాసునకు బోయెను. వాని తల్లి మాత్రము పాత క్వార్టరును విడువలేదు.

గత వేసవిలో మిత్రుడు తన కుమారుని రెండునెలలు అవ్వయొద్ద నుంచెను. బాలుడు హైదరాబాదున బుట్టి, మూడవయేట నచ్చటికి బోయినవాడు. తొమ్మిదవయేట తల్లిదండ్రులతోపాటు వానికిని స్థిరనివాసపు కార్డు, అనగా మనవారు గ్రీన్‌కార్డు అనునది, లభించెను. వాని పదునాలుగవ పుట్టినదినము జూన్ మొదటి వారమున సున్నిపెంటలోనే జరిగెను. అవ్వ భక్ష్యములు చేసి మమ్మును బిలిచెను. ఆ రాత్రియే మిత్రుడు ఫోనులో మాటాడుచు, పిల్లవాడు తిరిగి వచ్చిన ముప్పది దినములలో కార్డు మార్పింపవలెననియు, వ్రేలిముద్రల నీయవలెననియు, తడవు చేయరాదనియు తల్లితో చెప్పెను. బాలుడు ప్రక్కనే యుండి వినుచుండెను. వానితో నెవ్వరును ఏమియు చెప్పలేదు.

ఆ నియమమెట్టిదో చదువరులు తెలిసికొనుట మంచిది. అమెరికాలో పరదేశీయుల నమోదుకై 1940లో నొక చట్టము పుట్టెను. పదునాలుగేండ్లు నిండిన ప్రతి పరదేశీయుడును పేరు నమోదు చేసికొని వ్రేలిముద్రల నీయవలెననియు, అంతకు చిన్నవారి పక్షమున తల్లిదండ్రులు నమోదు చేయింపవలెననియు, అట్టి బిడ్డ పదునాలుగు నిండిన ముప్పది దినములలో తానే స్వయముగా బోయి మరల నమోదు కావలెననియు నందు విధించిరి. 1952 నాటి వలసచట్టమును ఈ నియమమును నిలుపుకొన్నది. కావున పసితనమున కార్డు పొందిన బిడ్డ, కార్డునకు గడువు మిగిలియున్నను, పదునాలుగు నిండగానే ఐ-90 అను దరఖాస్తు పెట్టి, పిలిచిన చోటికి బోయి, వ్రేళ్లను యంత్రముపై నుంచి, క్రొత్తకార్డు పొందవలయును. ఆ పుట్టినదినమున దేశాంతరమందున్నవాడు తిరిగివచ్చిన ముప్పది దినములలో నాపని చేయవలయును. పదునాలుగు నిండనివాని దరఖాస్తుపై తండ్రి చేవ్రాలు చేయవచ్చును. నిండిన పిమ్మట వాడే చేయవలయును.

మరునాటి యుదయమున బాలుడు కార్డు చేతబట్టుకొని మా యరుగుమీదికి వచ్చెను. అందలి ముఖము తొమ్మిదేండ్లనాటిది. చేవ్రాలుండవలసిన తావున, చేవ్రాలు మినహాయింపబడినదని యాంగ్లమున ముద్రించియుండెను. దానిని వ్రేలితో జూపి, సగము తెలుగున సగము ఆంగ్లమున వాడిట్లడిగెను: తాను చేవ్రాలు చేయకయే యిన్నియేండ్లు స్థిరనివాసిగా నుండెను గదా, గడువును ఇంకను ఉన్నది గదా, ఇప్పుడు చేయుమనుచున్నారే, చేసినచో దేనికి ఒప్పుకొన్నట్లు?

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. అంతలో అవ్వ వచ్చి, వాడు రాత్రి నిద్రపోలేదని చెప్పెను. నడిరేయి లేచి కూర్చుండి, "వేళ్లు సరిగ్గా పడకపోతే నన్ను నీ దగ్గరే ఉంచుకుంటావా, అవ్వా?" అని యడిగెనట. కార్డులనుగూర్చియు, వకీళ్లనుగూర్చియు, ఎదురుచూపులనుగూర్చియు తల్లిదండ్రులు మెల్లగా మాటాడుకొను మాటలను వాడు చిన్ననాటినుండి గోడ యవతల వినియున్నాడు. విన్న ముక్కలను తానే కూర్చుకొని, ఇది యొక పరీక్ష యనియు, అందు తప్పినచో తల్లిదండ్రులచ్చట, తానిచ్చట నుండవలసి వచ్చుననియు నిశ్చయించుకొనెను.

మేము వానిని కూర్చుండబెట్టి తెలిసినంత చెప్పితిమి. కార్డు సామాన్యముగా పదేండ్లకు గడువు గలది. గడువు తీరునది కార్డునకే గాని నివాసాధికారమునకు గాదు. కార్డు సాక్ష్యము, హక్కు వేరు. అయినను నమోదు కాకుండుట చట్టరీత్యా తప్పు. ఆ దేశమును విడిచి చిరకాలముండుట వలన హక్కునకే చేటు రావచ్చును. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట కార్డునెల్లప్పుడును వెంటనుంచుకొనవలయును. వాని కాయీడు నిండకముందే తల్లి గాని తండ్రి గాని యచ్చటి పౌరత్వము పొంది, వాడు వారి పోషణలో అచ్చటనే యుండునేని, 2001వ సంవత్సరము ఫిబ్రవరి 27 నుండి అమలులోనున్న చట్టముచే వాడును పౌరుడగును. ఇక పెద్దలు గుసగుసలాడుటకును కారణమున్నది: ఏ దేశమువారికిని ఆ యేటి కోటాలో నూటికి ఏడుపాళ్లకు మించి యీయరాదను నియమముచే మనదేశీయుల వరుస మిక్కిలి పొడవైనది. తల్లిదండ్రుల వంతు రాకమున్నే యిరువదియొకటవ యేడు నిండి, వారి దరఖాస్తులో చోటు కోల్పోవు బిడ్డలెందరో కలరు. నీవు వరుస దాటినవాడవు, భయములేదని చెప్పితిమి.

అరగంట పట్టెను. వాని ముఖము తేటపడెను. "ఇంతేనా?" అని నవ్వెను. మేమును ఏదియో ఘనకార్యము చేసితిమని సంతసించితిమి. ఆ సంతోషము పదిదినములు నిలువలేదు.

జూన్ నెలలో పాఠశాలలు తెరచినంతనే పదవతరగతి పిల్లలను వరుసగా నిలిపి ఆధారు కేంద్రమునకు నడిపించుట కొన్నియేండ్లుగా మా పనులలో నొకటి. ఆధారు పొందిన బిడ్డ యైదవయేట నొకసారి, పదునైదవయేట మరియొకసారి వ్రేలిముద్రలను కనుపాపల గుర్తులను ఈయవలయునని మన దేశపు నియమము. పిల్లల పేర్లు వ్రాసికొనుచుండగా, అంతకు ముందటి యేటి సంగతి యొకటి మాకు జ్ఞప్తికి వచ్చెను. ఒక చెంచుగూడెపు బాలిక వరుసలో నిలిచి, "ఇది ఎందుకు సార్?" అని యడిగెను. "ఎందుకో నీకెందుకు? వేలు పెట్టు. లేకుంటే స్కాలర్‌షిప్పు ఆగిపోతాది" అని మేము గద్దించితిమి. ఆమె తలవంచి వ్రేలు పెట్టెను. ప్రశ్న యొక్కటే. టెక్సాసు బాలునకు అరగంట బోధ. చెంచుబాలికకు అరనిమిషపు గద్దింపు. ఒకడు విమానమెక్కి వచ్చినవాడు, ఒకతె గూడెమునుండి నడచి వచ్చినది యనుట తప్ప ఈ భేదమునకు మాకు వేరు కారణము తోచలేదు.

ఆ రాత్రి మేము మొదటిసారిగా ఆధారు చట్టమును జదివితిమి. 2016 నాటి యా చట్టము, ఆధారు సంఖ్య తనంతట పౌరత్వమునకు గాని నివాసమునకు గాని నిదర్శనము కాదని స్పష్టముగా చెప్పుచున్నది. బిడ్డను నమోదు చేయునప్పుడు తల్లిదండ్రుల సమ్మతి కావలెననియు, ఆ బిడ్డ పదునెనిమిదేండ్లు నిండిన యారునెలలలో తన సంఖ్యను రద్దుచేయుమని కోరవచ్చుననియు 2019లో సవరణ చేసిరి. ఇన్నియేండ్లుగా ఎందరినో నడిపించిన మేము ఈ మాట యొక్క బిడ్డకును చెప్పియెరుగము. చెప్పుటెట్లు? మాకే తెలియదు. మేము చదువనిదానిపై వారిని వ్రేలుంచుమంటిమి.

ముద్ర పడుట వేరు, ముద్ర వేయుట వేరు. సిరాలో ముంచి యెవడో పట్టి నొక్కినను ముద్ర పడును. నిదురించువాని వ్రేలినుండియు ముద్ర తీయవచ్చును. ముద్ర వేయుటయన్న నది మనుష్యుడు చేయు పని. దానికి ఎరుక కావలయును. యంత్రమునకు రెండును నొక్కటే. తండ్రికిని గురువునకును నొక్కటి కారాదు.

మన ప్రాచీనులు ఈ భేదము నెరుగని వారు కారు. కఠోపనిషత్తులోని నచికేతుడు, తండ్రి వట్టిపోయిన గోవులను దానమిచ్చుట చూచి, నన్నెవరికిత్తువని ముమ్మారడిగెను. తండ్రికి కోపము వచ్చెను. ఉపనిషత్తు మాత్రము అడిగిన బాలుని శ్రద్ధనే మెచ్చుకొన్నది. ఐతరేయ బ్రాహ్మణములోని శునఃశేపుని కథ యింకను కఠినమైనది. అజీగర్తుడు నూరు గోవులకు కొడుకును యజ్ఞపశువుగా నమ్మెను. పెద్దవానిని తండ్రి విడువలేదు, చిన్నవానిని తల్లి విడువలేదు. నడిమివాని నెవ్వరును అడుగలేదు. దేవతలను స్తుతించి బంధవిముక్తుడైన పిమ్మట తండ్రి తిరిగి రమ్మనగా, ఆ బాలుడు పోనొల్లక విశ్వామిత్రునికి కొడుకయ్యెను. తన్ను అడుగక చేసిన సంబంధమును వాడు త్రోసివేసెను. తానెరిగి చేసికొన్నదానిని నిలుపుకొనెను.

పాశ్చాత్యులును దీనినిగూర్చి వాదులాడిరి. బిడ్డ యే ప్రభుత్వమునకును ప్రజగా పుట్టడనియు, వివేకము వచ్చువరకు తండ్రి చాటున నుండి, పిమ్మట ఏ సమాజమున చేరవలెనో తానే నిశ్చయించుకొనుననియు జాన్ లాక్ పదునేడవ శతాబ్దపు తుదిని వ్రాసెను. డేవిడ్ హ్యూమ్ 1748లో దీనిని పరిహసించెను: నిద్రలోనుండగా ఓడకెక్కింపబడినవాడు నడిసముద్రమున మేల్కొని, దిగిపోలేదు గనుక నాయకుని పాలనకు ఒప్పుకొన్నట్లే యనుట యెట్టి న్యాయమని యడిగెను. మూడవయేట విమానమున నిద్రించుచు పోయిన మా మిత్రుని కుమారునికి హ్యూము పోలిక అక్షరాల సరిపోవును.

ఇచ్చట కొందరు విజ్ఞులు ఆక్షేపింపవచ్చును. ఎంపికయే లేనిచోట ఎరుక యెందులకు? బాలుడు వ్రేలు పెట్టననునేని కష్టపడువాడు వాడే. బాలిక పెట్టననునేని నష్టపడునది యామెయే. తప్పనిదానిని వివరించుట వట్టి వేడుక గాదా యని. అట్లు కాదు. వైద్యుడు కోయక తప్పని పుండును కోయుటకు ముందు రోగికి చెప్పుచున్నాడు. చెప్పుటవలన కోత తప్పదు గాని, రోగి కొయ్యబొమ్మ గాక మనుష్యుడగుచున్నాడు. ఓడ దిగుటకు వీలులేకున్నను, ఓడ యెచ్చటికి పోవుచున్నదో తెలిసికొనుటకు ప్రయాణికునకు హక్కున్నది. తెలిసినవాడు రేపు రేవు వచ్చినప్పుడు దిగవలెనో వలదో తలంచుకొనగలడు.

పసివారి తలపై ఈ బరువు పెట్టుట క్రూరమని మరికొందరు చెప్పుదురు. బరువు ముందే యున్నది. మన మౌనము దానిని తగ్గించుటలేదు, చీకటిలో నుంచుచున్నది. మా మిత్రుడు ప్రేమచేతనే చెప్పకుండెను. ఆ ప్రేమయే బాలుని నడిరేయి లేపి కూర్చుండబెట్టెను. బాలలకు సంబంధించిన విషయములలో వారి యభిప్రాయమును ఈడునకు తగినట్లు మన్నింపవలెనని 1989 నాటి ఐక్యరాజ్యసమితి యొడంబడిక చెప్పుచున్నది. భారతదేశము 1992లో దానియందు చేరెను. పదునారేండ్ల కుమారుని మిత్రునివలె జూడుమని మన పెద్దలును చెప్పిరి. రెండేండ్లు ముందుగా మైత్రి ప్రారంభించిన దోషమేమి?

ఇక బాలుడడిగిన దానిలో మేము బదులు చెప్పలేని భాగ మొకటి మిగిలియున్నది. దేనికి ఒప్పుకొన్నట్లు? స్థిరనివాసమునకని కార్డు చెప్పును. కాని సున్నిపెంటలో నుండి స్థిరమను మాట పలుకుట సులభము గాదు. వాని తాత యే యానకట్టకై వచ్చి యిచ్చట నిలిచెనో, ఆ యానకట్ట నీటిక్రింద కర్నూలు, మహబూబునగరము జిల్లాల గ్రామములనేకములు మునిగిపోయినవి. తరతరముల పట్టాలు చేతబట్టుకొని 1981 ప్రాంతమున జనులు ఇండ్లు విడిచిపోయిరి. పట్టా నిలిచెను, ఊరు నిలువలేదు. ఈ యడవిలో మనకంటె ముందునుండి యున్న చెంచులకు ఊరు నిలిచెను, పట్టా లేదు. 2014వ సంవత్సరము జూన్ 2 నుండి ఏటి యావలి యొడ్డు వేరొక రాష్ట్రమాయెను. ఎవ్వరును అడుగు కదపకయే పొరుగువారు పరరాష్ట్రీయులైరి. అవ్వ నలువదియేండ్లకు పైగా నున్న క్వార్టరు సర్కారుది. కావున కాగితమునకును నేలకును నడుమ స్థిరమైన సంబంధమేదియు లేదని యీ యూరు మాకు నేర్పినది. ఒకచోట నివసించుటయన్న, ఆ చోటి మేలుకీడులలో పాలుపంచుకొనుట. దానిని కార్డు ఈయజాలదు, తీసికొనజాలదు. వీలైనంత కాలము నిరాటంకముగా అట్లుండుటకు త్రోవ మాత్రము చూపును. ఆమాటయే బాలునితో చెప్పితిమి. వాడు నమ్మెనో లేదో తెలియదు, వినెను.

ఆ జూన్ నెలలో మేము పిల్లలను కేంద్రమునకు నడిపించుటకు ముందొక గంట తరగతిలో కూర్చుండబెట్టి, ఈ ముద్రలెందుకో, ఎచ్చటికి పోవునో, వీనివలన వచ్చునదేదో రానిదేదో, పదునెనిమిదవయేట వారికి గల హక్కేదో చెప్పితిమి. వెనుకబల్లపై నున్న చెంచుబాలు డొకడు లేచి, "ఇది ఉంటే మా గూడెం మాదని రాస్తారా సార్?" అని యడిగెను. వ్రాయరని చెప్పవలసి వచ్చెను. అడవి హక్కులకై 2006లో వేరు చట్టము కలదనియు, 2005 డిసెంబరు 13కు ముందునుండి యడవిలో నివసించు గిరిజనులకు దానివలన హక్కు కలుగుననియు, ఆ పని గ్రామసభతో మొదలగుననియు చెప్పితిమి. వాడు తేదీని పుస్తకమున వ్రాసికొనెను. ముందటి యేడు గద్దించిన బాలికను గూడెమునకు బోయి కలిసికొని, అప్పుడీయని సమాధానము నప్పుడిచ్చితిమి. ఆమె ఊరకుండెను. అప్పు తీర్చినంతమాత్రమున వడ్డీ తీరదు.

తల్లిదండ్రులకును తోడి యుపాధ్యాయులకును మేము విన్నవించున దింతే. బిడ్డ చేతిని కాగితము నొద్దకు తీసికొని పోవుటకు ముందు, ఆ కాగితమును మీరు చదువుడు. చదివినదానిని బిడ్డకు తెలియు మాటలలో చెప్పుడు. వాడడిగినదానికి బదులు తెలియకున్న తెలియదనుడు. ఇందుకు అరగంట చాలును. పిమ్మట చేవ్రాలు వానికి విడువుడు.

ఈ విడుచుట యనునది యెట్టిదో కడపట మాకును తెలిసివచ్చెను. బాలుడున్న మిగిలిన దినములలో మేము వానికి తెలుగున పేరు వ్రాయుట నేర్పితిమి. చేవ్రాలు ఏ భాషలోనున్నను అచ్చట చెల్లుననియు చెప్పితిమి. వాడు దినమునకొక పుట వ్రాసి, ఒత్తులు చక్కగా కుదిరినప్పుడు అవ్వకు చూపుచుండెను. క్రొత్తకార్డుపై నల్లమలలో నేర్చిన యక్షరములుండునని మేము మనస్సున మురిసితిమి. తిరిగిపోయిన మూడువారములకు వాడు ఫోనులో, వ్రేళ్లు బాగుగా పడినవనియు, దరఖాస్తులోనిదంతయు తానే చదివి చేవ్రాలు చేసితిననియు చెప్పెను. ఏ లిపిలో చేసితివని యడిగితిమి. ఆంగ్లముననే, మామా, బడిలో ఎప్పుడును అట్లే చేయుదును గదా యనెను. మాకు క్షణకాలము మనస్సు చివుక్కుమనెను. పిమ్మట, మే మింతదనుక వాదించినది దీనికొరకే గదా యని తోచి, మంచిపని చేసితివంటిమి.